పెద్దమ్మ మాటకు ఏ ముద్ర వేస్తారు?

ఇంటర్ ఫలితాలొచ్చిన ఈ వారం, ఫెయిలైన పిల్లల కోసం ఎవరో చేసిన యూట్యూబ్ వీడియో కింద కామెంట్లు చదివాను. ‘ఏం కాదు తమ్ముడూ, సప్లిమెంటరీ ఉందిగా’ అంటూ ముక్కూమొహం తెలియనివాళ్లు ధైర్యం చెబుతున్నారు. ప్రాణం లేచొచ్చింది.

ఇలాంటి మాటల్ని కంప్యూటర్‌తో ఏరించే పని కొన్నేళ్లుగా సాగుతోంది. 2019లో పుల్వామా దాడి తర్వాత యూట్యూబ్‌లో వెల్లువెత్తిన 20 లక్షలకు పైగా కామెంట్లను పరిశోధకులు జల్లించి, యుద్ధం వద్దన్న గొంతుల్ని వెతికారు. ‘హోప్ స్పీచ్’ అన్నారు వాటిని. తర్వాతి ఏడాది పరిశోధకుడు భారతిరాజా చక్రవర్తి ఇంగ్లిష్, తమిళం, మలయాళం కామెంట్లను సేకరించి, ఆశ కలిగించేదా కాదా అని మనుషులతో ముద్రలు వేయించారు. యంత్రం నేర్చుకునేది ఆ ముద్రల నుంచే. అలాంటి మాటల్ని యంత్రాలతో గుర్తింపజేసే 2022 నాటి పోటీలో కన్నడం, స్పానిష్ కూడా చేరాయి. ఆ అయిదింటిలో తెలుగు లేదు.

లేకపోతేనేం అనిపించింది మొదట. ఎందుకంటే మా పెద్దమ్మ గుర్తొచ్చింది. మా బాబాయి కొడుకు పదో తరగతి తప్పిన రోజు పెరట్లో గడ్డివాము వెనక కూర్చుని ఒకటే ఏడుపు. ఇంట్లో ఎవరికీ ఏమనాలో తెలియలేదు. పెద్దమ్మ వెళ్లి, ‘ఒరేయ్, ఏడ్చింది చాలు గానీ లే, గేదెకు కుడితి పెట్టు. పాసైనోళ్లంతా కలెక్టర్లయ్యారా?’ అని కసిరింది. వాడు లేచాడు. రాత్రి పక్కన కూర్చుని వాడు తినేదాకా పప్పుచారు వడ్డించింది. పరీక్ష ఊసెత్తలేదు. వాడు సెప్టెంబరులో రాసి గట్టెక్కాడు. ఆ కసురులో ఉన్న ధైర్యం ఏ యంత్రానికి అందుతుంది?

కానీ దూషణను ఏరేసే యంత్రాలు ఇప్పటికే నడుస్తున్నాయి. ఆప్యాయంగా తిట్టే మన తీరు వాటికి నేర్పకపోతే, పెద్దమ్మలాంటివాళ్ల మాటే ముందు ఎగిరిపోవచ్చు. అందుకే తెలుగూ ఆ వరుసలోకి రావాలి.

తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో రాయొద్దని ఈ కాలమ్‌లో చాలాసార్లు మొత్తుకున్నాను. ఈ ఒక్క పనిలో ఆ పట్టు వదిలేస్తున్నాను. ఫెయిలైన పిల్లలకు ధైర్యం చెప్పిన ఆ కామెంట్లు చాలావరకు ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఉన్నాయి. వాటిని దిద్దకుండా, ఉన్నవి ఉన్నట్టే సేకరించాలి. ముద్రలు వేసే పనిలో ఇంజనీరింగ్ విద్యార్థులతో పాటు హాస్టల్ వార్డెన్లు, అమ్మలు, ఒకసారి తప్పి మళ్లీ రాసిన పిల్లలు కూర్చోవాలి. ఒక్కో కామెంటును ముగ్గురైనా చూడాలి. ముగ్గురికీ పొసగని వాటిని పారేయకుండా విడిగా దాచాలి.