మైపాడు అట్లాంటిక్‌లో ఉంది

ఎయిర్ కెనడా లెక్కలో మన నెల్లూరు మైపాడు అట్లాంటిక్ జోన్‌లో ఉంది. బంగాళాఖాతం అలలు కాళ్ళు తడుపుతున్నా సరే, అంతే. 2020 నవంబరులో ఏరోప్లాన్ అనే తన మైల్స్ పథకాన్ని తిరగరాసినప్పుడు ఆ సంస్థ ప్రపంచాన్ని నాలుగు ముక్కలు చేసింది: ఉత్తర అమెరికా, దక్షిణ అమెరికా, అట్లాంటిక్, పసిఫిక్. యూరప్, ఆఫ్రికా, గల్ఫ్‌తో పాటు మన ఉపఖండాన్నీ అట్లాంటిక్ కింద రాసుకుంది. మనకు ఎదురుగా, సముద్రం అవతల ఉన్న కౌలాలంపూర్ మాత్రం పసిఫిక్‌కి పోయింది.

ఏ జోన్‌కి ఎన్ని మైల్స్ పడతాయో చెప్పే యునైటెడ్ వాళ్ళ పాత పట్టీ ఇంకా తమాషా. అందులో ఇండియా మధ్య ఆసియాలో ఉండేది, కజకిస్తాన్ సరసన. దక్షిణ ఆసియా అంటే థాయ్‌లాండు, సింగపూర్ వగైరా. జపాను వాళ్ళ ఏఎన్ఏ మనల్ని ఆ సింగపూర్, థాయ్‌లాండులతోనే కలిపింది. అమెరికన్ ఎయిర్‌లైన్స్ గల్ఫ్‌తో కలిపింది. ఇన్ని పటాల్లో ఏదీ బడిలో చెప్పిన భూగోళం కాదు.

అమెరికాలో ఉన్న మా బంధువుల పిల్లలు క్రెడిట్ కార్డు మైల్స్ పోగయ్యాక అమ్మానాన్నలకు టికెట్ వేయాలంటే నాకు ఫోన్ చేస్తారు. ఉద్యోగం కాదు, యావ. నేను ముందు చూసేది ఎన్ని మైల్స్ పడతాయని కాదు. పట్టీ అడుగున చిన్న అక్షరాల్లో ఏ దేశం ఏ జోన్‌లో ఉందో రాసి ఉంటుంది చూడండి, అది. అసలు బేరమంతా అక్కడే తేలిపోతుంది.

ఒక ఉదాహరణ చెప్తాను. అమెరికన్ ఎయిర్‌లైన్స్ 2016లో పెట్టిన భాగస్వామ్య పట్టీ ప్రకారం అమెరికా నుంచి ‘మధ్యప్రాచ్యం, భారత ఉపఖండం’ జోన్‌కి ఒకవైపు ఎకానమీలో 40,000 మైల్స్, బిజినెస్‌లో 70,000. డాలస్‌లో భాగస్వామి ఖతార్ విమానం ఎక్కి దోహాలో దిగిపోయినా అంతే. అక్కణ్ణించి ఇంకో సుమారు 2,000 మైళ్ళు ఎగిరి చెన్నైలో దిగినా అంతే, కువైట్ పోయినా, కొలంబో పోయినా, మాలే పోయినా అంతే. దోహాలో 24 గంటల లోపు ఆగితే అది కనెక్షన్ కిందే లెక్క.

ఇలా ఎందుకు గీశారు? విమానాల కిరాయి లెక్కలకు విమాన సంస్థల సంఘం ఐయాటా ఎప్పుడో ప్రపంచాన్ని మూడు ప్రాంతాలు చేసింది. అందులో మనం ఆసియా ఉన్న మూడో ప్రాంతం, గల్ఫ్ యూరప్‌తో కలిసి రెండోది. మొరాకో యూరప్ కింద లెక్క! మైల్స్ పథకాలు 1981లో అమెరికన్ వాళ్ళ ఆడ్వాంటేజ్‌తో ఊపందుకున్నాక ఇలాంటి పద్ధతే వాటికీ అక్కరకొచ్చింది. ఫోన్ దగ్గర కూర్చున్న ఉద్యోగి ఒక్క కాగితం చూసి జవాబు చెప్పొచ్చు. తమ విమానాలు ఏ దారిన వెళ్తాయో, భాగస్వాములు ఎక్కడ ఉన్నారో దాన్ని బట్టి ఒక్కో సంస్థ గీతలు అటూ ఇటూ జరుపుకుంది.

గీత ఎక్కడ ఉంటే ధర అక్కడ మారుతుందన్న సంగతి నెల్లూరు వాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. చెన్నై వెళ్ళే కార్ల వాళ్ళు ట్యాంకు నింపకుండా తడ దాటేదాకా ఓపిక పట్టి, ఆరంబాకంలో తమిళనాడు ధరకు పెట్రోలు కొట్టిస్తారు. నేల అదే, రోడ్డూ అదే.

వ్యాపారులు భూగోళాన్ని పంచుకోవడం ఈ తీరానికి కొత్త కూడా కాదు. 1600లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చిన పత్రం గుడ్‌హోప్ అగ్రం నుంచి మెజెల్లాన్ జలసంధి దాకా ఒక్క మాటలో కట్టబెట్టింది. ఆ పత్రం పట్టుకొచ్చిన వాళ్ళే మద్రాసు కంటే ముందు, 1626 ప్రాంతంలో, మన దుగరాజపట్నంలో కొట్టు పెట్టారు.

మైల్స్ పటాల్లో గీతలు మాత్రం చెరిగిపోతూ వస్తున్నాయి. 2011లో బ్రిటిష్ ఎయిర్‌వేస్ జోన్లు మానేసి దూరానికి మారింది. ఒక్కో విమానానికి విడిగా లెక్క. చెన్నై నుంచి కొలంబోకి చవక, రెండు విమానాలు మారి డాలస్‌కి పోతే వాచిపోతుంది. 2015లో డెల్టా, 2019లో యునైటెడ్ పట్టీలే తీసేశాయి. ఇవాళ ఒక ధర, రేపు ఒక ధర. నా మటుకు నాకు కజకిస్తాన్ సరసన కూర్చోబెట్టిన ఆ వంకర పటమే మేలు. కనీసం చదివి, వాదించి, లాభం వెతుక్కోవచ్చు. గీతే లేనప్పుడు దేన్ని చదవాలి?

అమెరికన్ వాళ్ళ భాగస్వామ్య పట్టీ నిలిచి ఉంది కాబట్టి మా పెద్దమ్మకు దాని మీదే వేయించాం. నెల్లూరు దగ్గర దగదర్తిలో విమానాశ్రయం ఇంకా రాలేదు కాబట్టి చెన్నై నుంచే. గల్ఫూ మనమూ ఒకే జోన్ అని ఆమెకు ఉత్సాహంగా వివరించబోయాను. “జోనూ గీనూ నాకెందుకబ్బయ్యా, దోహాలో వీల్‌ఛైర్ ఇస్తారా లేదా, అది చెప్పు ముందు,” అంది. అది ఏ పట్టీలోనూ లేదు. విడిగా ఫోన్ చేసి రాయించాం.