పట్టని వరుసలే అసలు పని

సరూర్‌నగర్, మన్సూరాబాద్, కర్మన్‌ఘాట్ ఇవాళ ఎల్‌బీ నగర్ చుట్టూ పరుచుకున్న కాలనీలు. రెవెన్యూ రికార్డు దృష్టిలో మాత్రం ఇవి ఇంకా గ్రామాలే: సర్వే నంబర్లు, ఎకరాలు, గుంటలు. ఒకప్పటి పొలాలు ప్లాట్లయి చేతులు మారాయి. కొన్నవారి దస్తావేజులు రిజిస్ట్రేషన్ శాఖ డేటాబేస్‌లోకి వెళ్లాయి. గ్రామ భూరికార్డైన పహాణీలో పాత పట్టాదారు పేరే మిగిలిపోయిన చోట్లకు కొదవ లేదు. ఒకే నేల, రెండు పట్టికల్లో రెండు కథలు. ఇలాంటి రికార్డును ఒక వ్యవస్థ నుంచి ఇంకోదానికి తరలించేవారు సాఫీగా వెళ్లిపోయే వరుసల సంఖ్య చూసి మురిసిపోతుంటారు. వెళ్లని వరుసలను ముందు లెక్కపెట్టి, వాటి చుట్టూ ప్రణాళిక వేసుకోవాలన్నది నా వాదన.

దీనికి తెలంగాణ భూరికార్డుల పోర్టల్ ధరణిని మించిన సాక్ష్యం మన దగ్గర లేదు. 2017లో మొదలైన భూరికార్డుల ప్రక్షాళనలో పేచీ లేని భూములను పార్ట్-ఎలో, పేచీ ఉన్నవాటిని పార్ట్-బిలో పెట్టారు. 2020 అక్టోబరు 29న ధరణి ప్రారంభమయ్యేనాటికి పార్ట్-బి తెమలనే లేదు. పహాణీలో నేల ఎవరి స్వాధీనంలో ఉందో చెప్పే అనుభవదారు కాలమ్‌కు కొత్త పట్టికలో చోటు దక్కలేదు. ఒక సర్వే నంబరులో కొంత భాగమే రిజిస్ట్రేషన్ నిషేధిత జాబితాలోకి రావాల్సి ఉండగా మొత్తం నంబరుకే తాళం పడిన ఉదంతాలు జిల్లా జిల్లాకూ ఉన్నాయి. పాత రికార్డులో నిషేధం సబ్‌డివిజన్ స్థాయిలో ఉండి, కొత్తదాంట్లో సర్వే నంబరు స్థాయిలో నిలిస్తే జరిగేది అదే. ఇందులో ప్రోగ్రామర్ కోడ్ తప్పు వెతికితే దొరకదు. తప్పు స్కీమా (పట్టికల నిర్మాణం) గీసిన బల్ల దగ్గర జరిగింది. ఆ తర్వాత సవరణల కోసం టీఎం-33 లాంటి మాడ్యూళ్లు ఒకదాని వెనక ఒకటి చేర్చుకుంటూ పోవాల్సి వచ్చింది.

‘ఇది ప్రభుత్వ నిర్ణయాల గొడవ, డేటాబేస్ మార్పిడికి టూల్స్ ఉన్నాయిగా’ అంటారు సాఫ్ట్‌వేర్ మిత్రులు. ఉన్నాయి. ఒరాకిల్ నుంచి పోస్ట్‌గ్రెస్‌కు పట్టికల నిర్మాణాన్ని మార్చిపెట్టే ఓరా2పీజీ ఉచితంగానే దొరుకుతుంది. కానీ ఒరాకిల్‌కు ఖాళీ స్ట్రింగూ, నల్ విలువా ఒకటే. పోస్ట్‌గ్రెస్‌కు అవి రెండు వేరు సంగతులు. తండ్రి పేరు గడి ఖాళీగా ఉంటే దాని అర్థం ‘తెలియదు’ అనా, ‘ఎవరూ ఎక్కించలేదు’ అనా? టూల్ చెప్పలేదు, చెప్పాల్సింది ఆ రికార్డు తెలిసిన గుమస్తా. మన లిపికి ఇంకో చిక్కు ఉంది. ‘లక్ష్మి’ కంటికి రెండక్షరాలు. యూనికోడ్‌లో ఏడు సంకేతాలు, యూటీఎఫ్-8లో 21 బైట్లు. కాలమ్ పొడవును బైట్లలో కొలిచే చోట ముప్పై అని పెడితే ఇంటిపేరుతో కలిపిన పేరు చాలాసార్లు పట్టదు. అప్పుడు లోడ్ ఆగిపోతే అదృష్టం. ఆగకుండా పేరు తోక తెగి లోపలికి వెళ్లిపోతే ఆ మనిషి ఆధార్‌లో ఒకరు, పాస్‌బుక్కులో ఇంకొకరు.

మరో ఆక్షేపణను తేలిగ్గా కొట్టేయలేం. పాత రికార్డు నిండా దిద్దుబాట్లూ, లంచాల మరకలూ ఉన్నాయి; కొత్త వ్యవస్థ గట్టి నిబంధనలు పెట్టి చెత్తను గుమ్మంలోనే ఆపాలి కదా? ఆపాలి. అయితే ఆపిన వరుసను ఎక్కడ ఉంచుతున్నామన్నది ప్రశ్న. దానికి వేరే పట్టిక ఉండాలి. ఎందుకు ఆగిందో ఒక కాలమ్, ఎవరు తేల్చాలో ఒకటి, ఎప్పటిలోగా తేల్చాలో ఇంకొకటి. పార్ట్-బికి పేరుంది గానీ ఈ మూడో కాలమ్ లేదు. అలాగని అన్నీ తేలేదాకా ఆగాలనీ అనను. ఆపడానికీ ఖర్చుంది: ధరణి కోసం 2020 సెప్టెంబరు 8న నిలిపేసిన రిజిస్ట్రేషన్లలో వ్యవసాయేతర ఆస్తులవి డిసెంబరు దాకా తెరుచుకోలేదు. ఆ మూడు నెలలు ఎలా గడిచాయో ఎల్‌బీ నగర్ లాంటి చోట ఇల్లు అమ్మి అప్పు తీర్చాలనుకున్నవారిని అడగాలి. మండలం చొప్పున మారుస్తూ, ప్రతి సర్వే నంబరు కింద విస్తీర్ణం మొత్తం పాతదానితో సరిపోయిందో లేదో పోల్చుతూ, పాత వ్యవస్థను చదవడానికి మాత్రమే తెరిచి ఉంచితే ఆగే కాలం తగ్గుతుంది.

రికార్డు ఎంతవరకు ఎక్కిందో గీత గీసి చెప్పడం మనకు కొత్త విద్యేమీ కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1998 నవంబరు 4న 214 సబ్ రిజిస్ట్రార్ కార్యాలయాల్లో రిజిస్ట్రేషన్ల కంప్యూటరీకరణ పథకం ‘కార్డ్’ మొదలైనప్పుడు వెనకటి పదిహేనేళ్ల సూచికలను కంప్యూటర్‌కు ఎక్కించారు. ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ (ఈసీ) నేటికీ ఆన్‌లైన్‌లో 1983 నుంచి దొరకడం అందుకే. అంతకు ముందుది కావాలంటే పుస్తకాలు తిరగేయాలి, ఆ గీత ఎక్కడుందో డాక్యుమెంట్ రైటర్లందరికీ తెలుసు. డేటాబేస్ తనకు తెలియని కాలం గురించి నోరు మెదపదు. ఈ నిజాయతీ ధరణికి లోపించింది.

ధరణి స్థానంలో వచ్చిన భూభారతి 2025 ఏప్రిల్ 14న ప్రారంభమై ముందు నాలుగు మండలాల్లో పైలట్‌గా నడిచింది. అది మంచి పద్ధతే. కానీ అనుభవదారు వివరాన్ని మళ్లీ నింపాల్సి వస్తే ధరణి బ్యాకప్‌లో వెతికి లాభం లేదు, అక్కడికి అది చేరనేలేదు. 2020కి ముందరి పహాణీల్లోంచి తేవాలి. అంటే పాత సర్వర్లనూ, తహసీల్ ఆఫీసు బీరువాల్లోని బైండు పుస్తకాలనూ ఎవరో ఒకరు చదవగలిగే స్థితిలో కాపాడి ఉండాలి. దానికి బడ్జెట్‌లో ఒక పద్దు కూడా కావాలి.