కుంచె అక్షరాల ముచ్చట

2013లో రూపొందిన 'రవి ప్రకాష్' ఫాంటు చూశారా? సిలికానాంధ్ర వారు ఉచితంగా అందించిన తెలుగు అక్షరాల్లో ఒకటి. కుంచెతో సరదాగా గీసినట్టుంటుంది. శుభలేఖలో వధూవరుల పేర్లకి పెట్టండి, చెప్పొద్దూ, పెళ్ళికళ వచ్చేస్తుంది!

ముహూర్తం, చిరునామా కూడా కుంచె అక్షరాల్లోనే వేయిస్తేనే చిక్కు. చిన్న సైజులో వత్తులూ గుడులూ ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి. అలాంటి శుభలేఖనే మా అత్తగారు కళ్ళజోడు తుడుచుకుని మరీ చూసి, "నువ్వే చదువమ్మా" అని నా చేతికిచ్చేశారు. పిలుపు ఆవిడకి, చదవడం నేనూ!

పైగా చేత్తో వేసిన ముగ్గులో ఏ రెండు మెలికలూ ఒకలా ఉండవు. ఫాంటులో 'మ' ఎన్నిసార్లొచ్చినా అదే 'మ', గొట్టంతో వేసిన ముగ్గులా. అందుకే నాలుగు మాటల వరకే ముద్దు. పేర్లకి కుంచె సోకులు చాలు. ముహూర్తం మామూలు అచ్చులో ఉంటే పెద్దవాళ్ళు తమ పిలుపు తామే చదువుకుంటారు.