కొలిమి కన్న పదును

ఉక్కుముక్కా, నిన్నేమని పొగడను! నిన్నటిదాకా లారీ కింద కమానుకట్టవి. గోతుల్లో ఎగిరావు, వడ్ల బస్తాల బరువుకు వంగావు, వంగినా విరక్కుండా మళ్లీ నీ ఒంపుకు నువ్వు వచ్చావు. అందుకే పాత ఇనుము గుట్టలో కమ్మరి చెయ్యి ఏరికోరి నీ మీదే పడింది. నూటికి 0.5, 0.6 పాళ్ల కర్బనం, నీ సత్తువంతా అందులోనే. అది బాగా తగ్గితే పదును నిలవదు, మరీ పెరిగితే కొబ్బరిచిప్ప తగలగానే అంచు పెచ్చులూడుతుంది. బేరింగు ఉక్కులో 1 పాలు దాకా ఉంటుంది, నీకన్నా గట్టిదే. కానీ మొండిది, సుత్తికి ఓ పట్టాన లొంగదు. నా ఓటు నీకే.

నీ వంశమూ తక్కువది కాదు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మట్టి మూసల్లో గంటల తరబడి కాచి తీసిన ఉక్కుముద్దల కోసం పర్షియా వర్తకులు అంత దూరం నుంచి వచ్చేవారు. ఆ ఉక్కు యుద్ధాలకు పోయింది. నువ్వు మా వంటింటికి వచ్చావు, బీరకాయ తరగడానికి. ఇదే నీ పెద్దరికం అంటాను.

తిత్తి ఊదితే నలుపు విడిచి దానిమ్మగింజ ఎరుపుకొస్తావు, ఆపైన నారింజకు. పట్టకారు నిన్ను దాగలి మీదికి లాగుతుంది. సుత్తి చోటు చూపిస్తుంది, సమ్మెట అక్కడే పడుతుంది. పొలుసులు రాలుతూ సాగుతావు, కత్తిపీటకు కావలసినంత వంపు తిరుగుతావు.

అసలు ఘడియ ఆ తర్వాతే. 770 డిగ్రీల దగ్గర అయస్కాంతం నిన్ను వదిలేస్తుంది. అది దాటి ఇంకొంచెం కాగాక నూనెలో ముంచాలి. ఆ వేడిని కొలిచేది కన్నే. ఎండ వెలుగులో రంగు తెలియదు కనుకే కొలిమిపాకలో అంత చీకటి. అంచు మాత్రమే మునగాలి, వీపు పైనే ఉండాలి. భగ్గున మంట, గుప్పున పొగ! ఇప్పుడు నీ అంచు గాజంత పెళుసు. మళ్లీ సన్నని సెగ చూపించాలి. రాతితో రుద్ది మెరిపించిన చోట ముందు ఎండుగడ్డి రంగు పుడుతుంది, దాని వెనకే గోధుమ, ఊదా, నీలం, ఒకదాన్నొకటి తరుముతూ వీపు నుంచి అంచుకు పాకుతాయి. గడ్డిరంగు అంచును తాకగానే నీళ్లలో చల్లార్చాలి. నీలం అక్కడికి చేరిందా, పదును మెత్తబడినట్టే.

ఇక నీకు ఆసరా కావాలి. తోకను ఎర్రగా కాల్చి చింతచేవలోకి దింపితే కర్ర కమురుతూ తానే దారిస్తుంది. చాకువైతే పిడి మొదట్లో ఇత్తడి పొన్ను, సందులో కరిగిన లక్క. కత్తిపీటవైతే కాలితో తొక్కిపట్టేంత బరువైన పీట. పీట తేలికైతే ఎంత మంచి ఉక్కైనా దండగే.

అరటిపువ్వు తరిగిన పూట నల్లబడతావు, మామిడి పులుపుకు మచ్చలు తేలతావు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ నలుపే నీ ఒంటికి చాయ. స్టెయిన్‌లెస్ మెరుపు చూసి నిన్ను అటకెక్కించినవాళ్లున్నారు. వాళ్లకు సానరాయి మీద నీ పాట వినిపించాలి.

మీ ఊళ్లో కొలిమి ఇంకా మండుతుంటే ఈ వేసవి ఆవకాయ కత్తి అక్కడే కొట్టించండి. పని కాగానే తడి తుడిచి, చుక్క నూనె రాసి పెట్టండి.