కాపడం వేరు, వాత వేరు

మా ఇంట్లో మోకాలి నొప్పికి ఇప్పటికీ జిల్లేడాకే. ఆకుకు ఆముదం రాసి, పెనం మీద రెండు వైపులా వెచ్చబెట్టి, అమ్మ ముందు తన ముంజేతికి ఆనించి చూసుకుంటుంది. చుర్రుమంటే కాసేపు ఆగుతుంది. ఆ తర్వాతే నాన్న మోకాలి మీద వేసి పాతగుడ్డ చుడుతుంది. ‘‘కాలితే చెప్పండి, ఓర్చుకోకండి’’ అంటుంది.

చైనా వైద్యంలో మాక్సిబస్చన్ అనే కాపడం ఉంది. మన మాచిపత్రికి దగ్గరి చుట్టమైన ఆకును ఎండబెట్టి, దంచి, జల్లించి దూదిలా చేస్తారు. దాన్ని కాగితంలో చుట్టలా చుట్టి, అంటించి, చర్మానికి అంగుళం దూరంలో పట్టుకుంటారు. పసిపిల్లలకైతే వైద్యుడు ఆ చోటికి అటూ ఇటూ తన వేళ్లు ఆనించి, సెగ ఎంత తగులుతోందో తనే చూసుకుంటాడు. క్రీ.పూ. 168 నాటి మావాంగ్‌దుయ్ సమాధిలో దొరికిన పట్టు రాతల్లోనే దీని ప్రస్తావన ఉంది.

పాత పద్ధతిలో మాత్రం ఆ దూదిని ముద్దచేసి ఒంటి మీదే కాల్చేవారు. బొబ్బ లేచి మచ్చ పడేది. అది మన వాతకు అన్న. కామెర్లకు వాత పెట్టించుకోవడం అడవిలోని కోయవాళ్ల అమాయకత్వమని కొందరంటారు కానీ, ఖమ్మం వైపు మైదానపు ఊళ్లేం తక్కువ తినలేదు. కామెర్లు చాలామందికి కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి, పేరు వాతకొస్తుంది. పెద్దవాళ్ల సంగతి సరే. ఎగశ్వాసతో అల్లాడే పసిబిడ్డ పొట్ట మీద వాత పెడితే పుండు చీము పడుతుంది, ఈలోగా నిమోనియా ముదురుతుంది. అగ్నికర్మకు ఒక అధ్యాయమే రాసిన సుశ్రుతుడు కూడా పిల్లలకూ ముసలివాళ్లకూ భయస్తులకూ అది వద్దన్నాడు. వాత సమర్థకులు ఆయన పేరైతే చెబుతారు, ఆ మాట చెప్పరు.

కాపడంతో నాకు పేచీ లేదు. వెచ్చదనానికి బిగిసిన కండరం సడలుతుంది, నొప్పి కాస్త నెమ్మదిస్తుంది. అన్ని జబ్బులూ దానితోనే నయమవుతాయంటేనే చిక్కు. అలాగని ఆకులో మందు ఉండదనీ కాదు.

మాచిపత్రి కుటుంబంలోని మరో మొక్క నుంచే 1970ల తొలినాళ్లలో చైనా శాస్త్రవేత్త తూ యూయూ బృందం మలేరియా మందు తీసింది. 2015లో ఆమెకు నోబెల్ వచ్చింది. ఆకును మరిగిస్తే గుణం పోయేది. నీళ్లలో నానబెట్టి పిండమని నాలుగో శతాబ్దపు చైనా వైద్యుడు గె హోంగ్ రాసింది చదివాక, తక్కువ వేడిలో ఈథర్‌తో సారం తీశారు. ఇప్పుడు భద్రాచలం మన్యంలోని చర్ల, దుమ్ముగూడెం వైపు జ్వరమొస్తే వేలికి సూది గుచ్చి రక్తం చూస్తారు. ఫాల్సిపారం రకం మలేరియా అని తేలితే ఇచ్చే మాత్రల్లోని ఆర్టిసునేట్ ఆ మొక్క పుణ్యమే.