‘ది సైలెంట్ వరల్డ్’ : తరగతిలో చూపవచ్చునా?

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల విద్యార్థులకు సముద్రమే దూరం. పగడపు దిబ్బ మరీ దూరం. వారు దానిని చలనచిత్రంలోనే చూడాలి. కనుక ఆ చిత్రం ఏమి నేర్పుతున్నదో ఉపాధ్యాయులు ముందే పరిశీలించుకోవాలి.

కూస్తో, లూయీ మాల్ కలిసి తీసిన ఈ చిత్రానికి 1956లో కాన్ చలనచిత్రోత్సవంలో అత్యున్నత పురస్కారం లభించింది. 1943లో కూస్తో, గాన్యాన్ రూపొందించిన శ్వాసయంత్రమే దీనికి ఆధారం. నీటిలో 10 మీటర్ల లోతున పీడనం ఉపరితలం మీద ఉన్నదానికి రెట్టింపు. ఆ యంత్రం గాలిని సరిగా ఆ పీడనంతోనే అందిస్తుంది. అందుకే ఈతగాండ్రు చేపలవలె స్వేచ్ఛగా తిరుగుతారు. ఆ దృశ్యాలు ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు.

కాని అదే చిత్రంలో, చేపల లెక్క తీయడానికని పగడపు దిబ్బవద్ద డైనమైట్ పేల్చారు! ఇదేమి పరిశోధన? లెక్కను సరిచూడాలంటే రెండవసారి లెక్కించేందుకు అక్కడ ఏమి మిగిలింది? పగడపు దిబ్బ వట్టి రాయి కాదు. చిన్న చిన్న జీవులు సున్నపు గూళ్లు కట్టుకోగా ఏర్పడినది. గుండ్రని పగడాలు ఏటా పెరిగేది సుమారు ఒక సెంటీమీటరు మాత్రమే.

అయినా ఆ దృశ్యాన్ని తొలగించి చూపమని నేననను. అక్కడ చిత్రాన్ని ఆపాలి. అండమాన్ దీవులలో వండూర్ వద్ద 1983లో ఏర్పడిన సముద్ర జాతీయోద్యానంలో ఒక్క పగడపు ముక్కనైనా తీసుకోరాదని ఎందుకు నిషేధించారో పిల్లలనే అడగాలి.