మా నడుములు చెప్పిన పాఠం

ఫ్లోరైడ్ నీళ్ళు మనిషి ఎముకల్ని ఏం చేస్తాయో మన దేశంలో మొదట వైద్య పత్రికకెక్కింది 1937లో. షార్ట్ అనే దొర, తోటి డాక్టర్లు కలిసి ఇండియన్ మెడికల్ గెజిట్‌లో రాశారు. రోగులు నెల్లూరు జిల్లా వాళ్ళు. మా దర్శి, పొదిలి, కనిగిరి అప్పట్లో ఆ జిల్లాలోవే. అప్పటికి మా దాకా మెడికల్ కాలేజీ రాలేదు గానీ, మా జబ్బు మాత్రం ఎప్పుడో పాఠాల్లోకి ఎక్కింది.

ఆ రోజుల్లో కోస్తాకి విశాఖ మెడికల్ కాలేజీయే పెద్ద దిక్కు. 1923లో మొదలైంది. ఆంధ్ర విశ్వవిద్యాలయం కన్నా మూడేళ్ళు పెద్దది, తర్వాత దాని గూటికే చేరింది. 1946లో గుంటూరు కాలేజీ వచ్చాక దర్శి వాళ్ళకు పెద్దాసుపత్రి అంటే గుంటూరే. మార్కాపురం, గిద్దలూరు 1970 దాకా కర్నూలు జిల్లా. కర్నూలులో కాలేజీ 1956లో పెట్టారు.

గుంటూరు వార్డులో మా పెదనాన్న మంచం చుట్టూ పిల్ల డాక్టర్లు మూగడం చూశాను. ప్రొఫెసర్‌గారు పుస్తకం ముట్టలేదు. ‘పెద్దాయనా, గడ్డం రొమ్ముకి ఆనించు’ అన్నారు. ఆనలేదు. చేతులు తల వెనక్కి పెట్టమన్నారు. సగంలోనే ఆగాయి. రూపాయి బిళ్ళ నేలమీద వేసి, వంగి తీయమన్నారు. నడుం వంగదే! గొంతుకూర్చుని తీసి, ‘తీసినోడికే గదా సారూ?’ అన్నాడాయన. వార్డంతా నవ్వులు. ఆ తర్వాతే ఎక్స్‌రే వెలుతురుకి పట్టారు. వెన్నెముక సుద్దముక్కలా తెల్లగా ఉంది. ముందు మనిషి, తర్వాత ఫిల్మ్. వైద్యం చెప్పడంలో ఈ వరసను మించింది నేను చూడలేదు. ఆ పూట నేర్చుకున్న పిల్లలు ఎక్కడెక్కడ స్థిరపడ్డారో గానీ, పెదనాన్న మాత్రం ఇంటికొచ్చి మళ్ళీ అదే బోరు నీళ్ళు తాగాడు.

1986లో విజయవాడలో ఆరోగ్య విశ్వవిద్యాలయం పెట్టి, వైద్య విభాగాలన్నిటినీ పాత విశ్వవిద్యాలయాల నుంచి విడదీసి దానికి కట్టారు. పేరు ఎన్నిసార్లు మార్చారో చెప్పుకుంటూ పోతే కాలమ్ చాలదు. తమాషా ఏమిటంటే, సీట్ల పంపకంలో స్థానికతకు ఇప్పటికీ పాత లెక్కే. ప్రకాశం ఆంధ్రా వర్సిటీ ప్రాంతం. నెల్లూరు, కర్నూలు తిరుపతి వెంకటేశ్వర వర్సిటీ ప్రాంతం. 1970లో ప్రకాశం జిల్లా కట్టకపోయుంటే దర్శి పిల్లలూ మార్కాపురం పిల్లలూ తిరుపతి లెక్కలో పడేవాళ్ళు.

తర్వాత ఒంగోలులో రిమ్స్ మెడికల్ కాలేజీ వచ్చింది. మార్కాపురం కాలేజీకి 2021లో శంకుస్థాపన అయింది. ప్రైవేటు భాగస్వామ్యానికి ఇవ్వాలా వద్దా అని పార్టీలు కొట్టుకుంటున్నాయి. ఎవరు నడిపినా వార్డులో పేదవాడికి మంచం ఉచితంగా దొరక్కపోతే చదువు చెప్పడానికి రోగే ఉండడు. ఇది దయకు సంబంధించిన మాట కాదు, పాఠానికి సంబంధించింది.

ఇంకో సంగతి. ఇప్పుడు ఎం.బి.బి.ఎస్. పిల్లలు మొదటి ఏడాది నుంచే పల్లెలో కొన్ని కుటుంబాలను దత్తత తీసుకుని, తర్వాతి ఏళ్ళలోనూ వాళ్ళ ఆరోగ్యం కనిపెట్టి ఉండాలన్న నియమం ఉంది. మార్కాపురంలో తరగతులు మొదలయ్యాక ఆ ఊళ్ళ జాబితా ఎవరు రాస్తారో గానీ, నన్నడిగితే నాగార్జున సాగర్ నీళ్ళు సరిగా అందని ఊళ్ళు ముందు రాయమంటాను. వెళ్ళే పిల్లలు బి.పి. మిషన్‌తో పాటు, బోరు నీళ్ళు పట్టుకోవడానికి ఒక సీసా కూడా తీసుకెళ్ళాలి.